కనుమ మీద కొలకర్ర

తాళం చెవి కోసం ఆమే వెళ్లాల్సి వచ్చింది. "తప్పు పట్టుకున్నది నువ్వే కదమ్మా, ఈ నెల కొలత కూడా నువ్వే తెచ్చెయ్" అన్నాడు సూపరింటెండెంటు నవ్వుతూ. ఆ మాట వినగానే వాతావరణ ఆఫీసులో మిగతావాళ్లందరికీ ఒక్కసారిగా తమ మోకాళ్లూ నడుములూ గుర్తొచ్చాయి.

శుక్రవారం సాయంత్రం కొండబాబాయి ఇంటి మెట్ల మీద నిలబడి, చెప్పులు రెండుసార్లు విప్పి రెండుసార్లు తొడుక్కుంది. మూడోసారి విప్పుతుండగా తలుపు తెరుచుకుంది. పిన్ని.

"రామ్మా రా. ముప్పై ఆరు చీటీలు వరసగా పేర్చి చూసినదానివి, మా గుమ్మం దాటడానికి ఇంత ఆలోచనా?"

"అది కాదు పిన్నీ... డబ్బా తాళం చెవి..."

"తెలుసులే. ఆయన పొద్దున్నే తీసి పెట్టారు. ఎవరొస్తారో అని నేననుకుంటుంటే నువ్వే వస్తావని చెప్పారు. అంచనాలు బాగానే వేస్తారు మా ఆయన, చీటీల మీద తప్ప."

కొండబాబాయి కిటికీ పక్కన ఎత్తుపీట మీద కూర్చుని బూట్లకు మైనం రాస్తున్నాడు. ఎక్కడికీ వెళ్లే పని లేదు. అయినా గుడ్డ కొసను వేలికి చుట్టి, కుట్ల మధ్య సందుల్లోకి మైనాన్ని నింపాదిగా దూరుస్తున్నాడు. పన్నెండేళ్లుగా నెలకోసారి ఒంటరిగా పై కనుమకు ఎక్కి, అక్కడి ఇనుప డబ్బాలో చేరిన నెల రోజుల వాననీళ్లను కొలిచి, చీటీ రాసి తెచ్చేది ఆయనే. మూడేళ్ల చీటీలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ ఆమె ఒకటి గమనించింది. అంకెలన్నీ అయిదుతోనో సున్నాతోనో ముగుస్తున్నాయి. వాన అంత బుద్ధిగా పడదని, ఇవి ఇంట్లో కూర్చుని రాసిన అంకెలని రెండు పేజీల నోట్ రాసింది. పెద్ద మీటింగులో దాన్ని పైకి చదివారు. చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం ఆమె భర్త ఐస్‌క్రీం కొనిచ్చాడు. మర్నాడు కొండబాబాయిని పని ఆపెయ్యమన్నారు. సోమవారం పదకొండు గంటలకు విచారణ. ఆ తర్వాత పూర్తిగా తీసెయ్యడమే.

"కూర్చో అమ్మాయ్" అన్నాడాయన. "బూట్లున్నాయా?"

"ఉన్నాయి బాబాయ్. కాలేజీ రోజులవి."

"చూపించు రేపు... కాదులే, రేపు నేనుండను కదా. లేసులు రెండు ముళ్లు వెయ్యి. వాగు దాటాక మూడు దారులు కనిపిస్తాయి. వాటిలో అందంగా ఉన్నది ఎక్కకు."

"అదేంటి?"

"అది మేకలు వేసిన దారి. వాటికి గడ్డి కావాలి, నీకు కనుమ కావాలి. రాళ్లు పేర్చిన గుర్తులు చూసుకుంటూ పో. మంచు మూసిందనుకో, కదలొద్దు. కూర్చో. కొండ ఎక్కడికీ పోదు."

తాళం చెవికి ఎర్ర దారం కట్టి ఉంది. దాన్ని ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, పైన ఒకసారి తట్టాడు. చిన్నపిల్లకు బిళ్ల ఇచ్చినట్టు.

"సోమవారం ఏం చెబుతారు బాబాయ్?"

"ఏముంది? వెళ్లావా లేదా అంటారు. వెళ్లాను అంటాను."

"అంతేనా?"

"అంతకన్నా అడగరుగా" అని మళ్లీ బూటు అందుకున్నాడు.

పెళ్లయి నలభై ఒక్క రోజులు. ఈ లెక్క ఆమెకు కంప్యూటర్ అక్కర్లేకుండానే తెలుసు. ఈ నలభై ఒక్క రోజుల్లో ఇద్దరిలో ఒకరు ఊరు దాటి వెళ్లబోవడం ఇదే మొదటిసారి కాబట్టి ఇంట్లో ఆమె సంచిని భర్త మూడోసారి సర్దుతున్నాడు. అతను కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. చేతివేళ్ల చివర్లు ఎప్పుడూ నున్నగా, చల్లగా ఉంటాయి. ఆ వేళ్లతో ఉడకబెట్టిన గుడ్లను ఒక్కొక్కటీ గుడ్డలో చుడుతుంటే ఆమె గడపకు ఆనుకుని చూస్తూ ఉండిపోయింది.

"గుడ్లు నాలుగెందుకు?"

"దారిలో ఎవరైనా కలిస్తే?"

"కొండ మీద ఎవరు కలుస్తారు?"

"అయితే నాలుగూ నువ్వే తిను."

అత్తయ్య కుర్చీలోంచి తలెత్తకుండా అంది, "ఒరేయ్, అది వెళ్లేది ఒక్క పూటకి. నువ్వు సర్దేది చూస్తే అక్కడే కాపురం పెట్టేలా ఉంది."

"అమ్మా, నువ్వూరుకో. ఇదిగో, ఇది భూతద్దం. సన్న గీతలుంటాయన్నావుగా, కళ్లు చికిలించకు. ఇదేమో అద్దం." అరచేతంత గుండ్రటి అద్దం, అంచు అతనే అరగదీశాడు. "మా షాపు డాబా మీంచి కనుమ కనిపిస్తుంది, పంటి సందులా. సరిగ్గా ఒంటిగంటకు నువ్వు ఎండలో అద్దం తిప్పు. నేను ఇక్కణ్నుంచి తిప్పుతా."

"ఎందుకూ?"

"ఊరికే."

ఆ 'ఊరికే' ఆమెకు ఎంత నచ్చిందంటే, అత్తయ్య ఉందన్న సంగతి మరిచిపోయి అతని చెవి గిల్లింది. అత్తయ్య గట్టిగా దగ్గింది.

అన్నాల దగ్గర అతను ఆ రోజు షాపు కబుర్లు చెప్పాడు. అక్షరాల పట్టిక ముందు కూర్చోబెడితే కొంతమంది చివరి వరస కూడా గడగడా చదివేస్తారట, అన్నీ తప్పులే. "కనబడట్లేదని ఒప్పుకోరు. అదేదో పరీక్ష అయినట్టు ఊహించి చెప్పేస్తారు. వాళ్లకి అద్దాలు చెయ్యడం మహా కష్టం. ఇవాళ ఒక ముసలావిడ మాత్రం మూడో వరస దగ్గరే ఆగిపోయి, 'ఇక్కణ్నుంచి కనబడదు నాయనా, ఇక అడక్కు' అంది. ఆవిడకి పది నిమిషాల్లో చేసిచ్చా."

ఆమె నవ్వింది. ఆ ముసలావిడ గొంతును అతను బాగా పట్టాడు.

శనివారం ఆరున్నర బస్సు ఆమెను దారి మొదట్లో దించేసి వెళ్లిపోయింది. బస్సు చప్పుడు పోయాక కాసేపటికి మిగతా చప్పుళ్లు ఒక్కొక్కటే వచ్చాయి. వాగు, ఏదో పిట్ట, తన సంచిలో గుడ్లతో పాటు సర్దిన స్టీలు గ్లాసు. గ్లాసులోకి రుమాలు కుక్కింది. నిశ్శబ్దం మరింత బాగుంది.

లేసులకు రెండు ముళ్లు వేసుకుంది. మొదటి గంటంతా చెట్ల కిందే నడక. నేల మీద తడి ఆకులు. పాదం పెట్టినప్పుడల్లా మెత్తగా లోపలికి దిగి, తీసినప్పుడు మళ్లీ పైకి లేస్తున్నాయి. తను నడుస్తోందని నేలకు కూడా తెలుస్తోంది అనుకుని సంబరపడింది. ఒక రాయి మీద ఆకుపచ్చ నాచు, దాని మీద పెసరగింజంత నత్త. సాయంత్రం భర్తకు చెప్పాల్సిన వాటి జాబితాలో నత్తను చేర్చింది. వాగు దగ్గరకు చేరేసరికి ఆ జాబితాలో పదకొండు సంగతులయ్యాయి. మొదటివి అప్పుడే మరిచిపోతోంది.

వాగు మీద రాళ్లు సరిగ్గా మనిషి అంగకు సరిపడా దూరంలో ఉన్నాయి. నాలుగో రాయి కదులుతుందేమో అని బరువు మోపి చూసింది. కదల్లేదు. దాని కింద ఎవరో ఒక చిన్న రాయిని ఊతంగా జొనిపారు. ఎవరో ఏముంది? ఈ దారిన నెలనెలా నడిచేది ఒక్కరే. ఆమె ఆ రాయి మీద కావలసినదానికన్నా ఎక్కువసేపు నిలబడింది. ఎప్పుడూ రాని మనిషి, కాలి కింద రాయి కదలకుండా ఎందుకు చేసుకుంటాడు?

అవతల మూడు దారులు కనిపించాయి. వాటిలో ఒకటి నిజంగానే ముచ్చటగా, పసుపు పూల మధ్యనుంచి వంపులు తిరుగుతూ పోతోంది. "మేకలు" అని పైకే అని, పేర్చిన రాళ్లున్న దారి పట్టింది.

చెట్లు పొట్టివై, పొదలై, చివరికి గడ్డే మిగిలింది. ఆ తర్వాత గడ్డి కూడా పోయి రాళ్లొచ్చాయి. ఊపిరి అందక యాభై అడుగులకోసారి ఆగి, ఆగినప్పుడల్లా వెనక్కి తిరిగి ఊరిని చూసింది. ఊరు చేతిరుమాలంత అయింది. అందులో ఒక దారప్పోగు షాపు వీధి, ఆ పోగులో ఎక్కడో ఒక డాబా. పదకొండున్నరకు కనుమ మీదికి ఎక్కేసరికి ఎదురుగాలి ఆమెను చెంపల మీద పట్టుకుని ఆపింది. నవ్వొచ్చింది. చుట్టూ ఎవరూ లేరు కదా అని గట్టిగానే నవ్వింది.

వాన డబ్బా ఆమె నడుమంత ఎత్తుంది. పైన గరాటు, కింద కుళాయి, పక్కన రాళ్లలో బిగించిన చెక్కపెట్టె. తాళానికి తుప్పు ఉంటుందనుకుంది. చెవి వెన్నలో దిగినట్టు దిగింది. వేళ్లకు మైనం అంటింది. పెట్టెలో సుద్దముక్కల డబ్బా, మడిచి పెట్టిన పొడిగుడ్డ, దారంతో కట్టిన బొటనవేలంత పెన్సిలు, గొలుసుతో పెట్టెకే బిగించిన కొలకర్ర. మనిషి ఎత్తున్న ఆ కర్ర ఎప్పుడూ కిందికి రాదు. ఆఫీసులో ఎవరూ దాన్ని చూడలేదు.

కర్రకు సుద్ద రాసి, గరాటు తీసి డబ్బాలోకి నిలువుగా దించింది. అడుగు తాకేదాకా ఆగి, పైకి తీసింది. సుద్ద మీద తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ స్పష్టమైన గీత. ఆ గీత పక్కన అంకె చూడాలి.

అరవై దగ్గర ఒక ఇత్తడి మేకు. అరవై అయిదు దగ్గర ఇంకో ఇత్తడి మేకు. తడి గీత వాటి మధ్యలో, అరవై అయిదుకు కాస్త దగ్గరగా ఉంది. మధ్యలో ఏమీ లేదు.

భూతద్దం తీసింది. ఇత్తడి మేకుల తలల మీద గోటి గీతలు కూడా పెద్దవై కనిపించాయి. వాటి మధ్య మాత్రం చెక్క, పాత బల్ల అంచులా, నున్నగా ఉంది. కర్రను కింది నుంచి పై దాకా తిప్పి తిప్పి చూసింది. అయిదు, పది, పదిహేను, ఇరవై. మేకులు తప్ప, వాటి మధ్య ఉండాల్సిన సన్నగీతలు ఒక్కటీ మిగల్లేదు. అన్నేళ్ల సుద్ద, అన్నేళ్ల గుడ్డ తుడుపు, అన్నేళ్ల నీళ్లు వాటిని తినేశాయి.

ఆమె పక్కనున్న రాయి మీద కూర్చుంది.

చీటీ తీసింది. ముప్పై ఆరుసార్లు చూసిన చీటీయే. అంకె గడి ముందు వైపు ఉంటుంది కాబట్టి ఎప్పుడూ వెనక్కి తిప్పలేదు. ఇప్పుడు తిప్పితే చిన్న అక్షరాల్లో సూచనలున్నాయి. నాలుగోది: 'కర్ర మీద కనిపిస్తున్న గుర్తుల్లో తడికి దగ్గరగా ఉన్నది మాత్రమే రాయాలి. అంచనా రాయరాదు.'

అరవై మూడు అని రాస్తే ఎంత బాగుంటుంది అనిపించింది. చూడ్డానికి ఎంత నమ్మకంగా ఉంటుంది అరవై మూడు! దాన్ని ఎవరూ అనుమానించరు, తనైతే అసలు అనుమానించదు. ఇంట్లో కూర్చుని దొంగలెక్కలు రాసేవాడు మూడులూ ఏడులూ తప్పకుండా వేస్తాడు. ముప్పై ఆరుసార్లు వరసగా అయిదూ సున్నా రాసే మొండితనం, కనబడనిది కనబడలేదనే మనిషికే ఉంటుంది. 'ఇక్కణ్నుంచి కనబడదు నాయనా, ఇక అడక్కు.'

ఆ పెన్సిలుతోనే 65 అని రాసింది.

గుడ్లతో పాటు భర్త సర్దిన రొట్టెకు చుట్టిన పల్చటి కాగితం విప్పి, కర్ర మీద పరిచి, పెన్సిలు ములుకును వాలుగా పట్టి మెల్లగా రుద్దింది. కాగితం మీద మేకుల గుండ్రటి తలలు ఒక్కొక్కటే తేలాయి. వాటి మధ్య చెక్క నారల మచ్చలే తప్ప అడ్డగీత ఒక్కటీ లేదు. కాగితం చాలకపోతే గుడ్లు చుట్టిన గుడ్డ కూడా వాడదామనుకుంది. అవసరం లేకపోయింది.

డబ్బా కుళాయి తిప్పి నీళ్లన్నీ వదిలేసి, గరాటు బిగించేలోపే మంచు కమ్మింది. అవతలి లోయలోంచి చప్పుడు లేకుండా లేచి, ఊరిని మింగి, డబ్బాను మసక చేసి, ఆమె చేతుల దాకా వచ్చింది. కదలొద్దు, కూర్చో. పెట్టెకు వీపు ఆనించి కూర్చుని రెండు గుడ్లు తింది. ఒంటిగంటయింది. ఎండ లేదు, ఊరూ లేదు. అయినా అద్దం తీసి ఊరున్న దిక్కుకు పట్టింది. అద్దంలో తెల్లటి మంచు, దాని మధ్య తన ఎర్రటి ముక్కు. అతను డాబా మీద నిలబడి ఉంటాడు. ఖాళీగా ఉన్న కొండ వైపు అద్దం తిప్పుతూ ఉంటాడు, వెర్రిబాగులవాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి అతని కోసమో, బూట్లకు మైనం రాసుకుంటున్న ఆయన కోసమో తనకే తెలియలేదు.

ముప్పావుగంటకు మొదటి రాళ్ల గుర్తు కనిపించింది. కాసేపటికి రెండోది. తాళం వేసి దిగడం మొదలుపెట్టింది. వాగు దగ్గరికి వచ్చాక గానీ అద్దం పెట్టెలో సుద్ద పక్కనే మరిచిపోయిన సంగతి గుర్తు రాలేదు.

బస్సు దిగి ఇంటికి వెళ్లకుండా, బురద బూట్లతోనే కొండబాబాయి తలుపు కొట్టింది.

"కర్ర అరిగిపోయింది బాబాయ్" అంది, గుమ్మంలోనే. "నాకు తెలీదు. నేను చూడలేదు. చూడకుండా రాసేశాను."

ఆయన ఆమె ముఖం చూసి, తర్వాత బూట్లు చూశాడు. "రెండు ముళ్లు వేశావు. మంచిది."

"మీరెందుకు చెప్పలేదు?"

"చెప్పకపోవడమేంటి? ఎనిమిదేళ్ల కిందట రాశాను, చీటీ అడుగున 'విశేషాలు' అని గడి ఉంటుంది చూడు, అందులో. 'గీతలు అరిగాయి, కర్ర మార్చాలి' అని. తొమ్మిది నెలలు వరసగా రాశా. అప్పుడు నీ కుర్చీలో ఉన్నాయన ఒకరోజు పిలిచి, 'ఏమయ్యా, ఆ గడి ఖాళీగా ఉంచడానికి పెట్టింది, నువ్వెందుకు నింపుతావు?' అన్నాడు. సరేలే అని మానేశా."

"విచారణలో అది చెప్పొచ్చు కదా!"

"పన్నెండేళ్లు ఎక్కాను. వెళ్లలేదేమో అని అడిగినవాళ్లకి కర్ర సంగతి చెప్పుకోవాలా?" గొంతు మొదటిసారి కొంచెం బిగిసింది. "వెళ్లాను అంటే చాలాలి కదమ్మా."

ఆమె తాళం చెవి ఇచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలని అద్దం సంగతి, ఒంటిగంట సంగతి, మంచులో తన ఎర్రముక్కు సంగతి చెప్పేసింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. అంతసేపూ తలుపు చాటున నిలబడ్డ పిన్ని లోపలికి వెళ్లి, బకెట్లో వేడినీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"ముందు కాళ్లు పెట్టు. ఏడుపు తర్వాతైనా ఏడవచ్చు, నీళ్లు చల్లారిపోతాయి."

ఇంటికి చేరితే భర్త వీధి చివరే ఎదురొచ్చాడు. డాబా మీద రెండింటిదాకా అద్దం తిప్పుతూనే ఉన్నాడట. ఎదురు మేడ మీద బట్టలారేస్తున్నావిడ కళ్లలో వెలుగు కొట్టి, ఆవిడ షాపు యజమానికి ఫిర్యాదు చేసిందట. ఆమె అతని భుజం మీద తల పెట్టి, నవ్వుతూ మళ్లీ కొంచెం ఏడ్చింది. నత్త సంగతి మాత్రం గుర్తుపెట్టుకుని చెప్పింది.

సోమవారం ఆమె గంట ముందే ఆఫీసుకు వెళ్లి, బీరువా అడుగున దుమ్ము పట్టిన కట్టలు విప్పింది. పదకొండుకు పది నిమిషాలుండగా సూపరింటెండెంటు బల్ల మీద చీటీ పెట్టింది.

ఆయన అంకె చూసి కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "అరవై అయిదా? నువ్వూ అయిదేనా?" పెదవులు సాగాయి. "ఏమ్మా, కొత్తపెళ్లికూతురివి, శనివారం హాయిగా ఇంట్లోనే గడిపేశావా ఏమిటి?"

పక్క బల్లల వాళ్లు నవ్వారు. సరదా నవ్వే. ఆమెకు మాత్రం చెవుల దాకా వేడెక్కింది. మోకాళ్లలో ఇంకా నొప్పి ఉంది, మడమ మీద బొబ్బ ఉంది. వాటిలో ఏదీ ఆ బల్ల మీద పెట్టి చూపించేది కాదు.

"వెళ్లాను సార్" అంది.

ఆ మాట అన్నాక, అది ఎవరి మాటో తనకే వినిపించింది.

అప్పుడు రొట్టె కాగితం విప్పి బల్ల మీద పరిచింది. ఒక మూల నూనె మరక ఉంది. "ఇది కర్ర సార్. ఇవి మేకులు. వాటి మధ్య గీతలు లేవు. లేనిది రాయొద్దని చీటీ వెనకే ఉంది." తొమ్మిది పాత చీటీలు పక్కన వరసగా పేర్చింది, అంకె కాకుండా అడుగు గడి కనిపించేలా. తొమ్మిదింటిలోనూ ఒకటే చేతిరాత, ఒకటే వాక్యం.

సూపరింటెండెంటు తొమ్మిదీ చదివాడు. నవ్వు ఎప్పుడో పోయింది. గుమ్మం దగ్గర కొండబాబాయి ఇస్త్రీ చొక్కాతో వచ్చి నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. సూపరింటెండెంటే లేచి కుర్చీ జరిపాడు.

"కూర్చోండి. కొత్త కర్ర తెప్పిస్తాను. మీరే తీసుకెళ్లి బిగించాలి." కాస్త ఆగి, "మీ పని ఆపమన్న ఆర్డరు చింపేస్తున్నాను" అన్నాడు.

ఆమె ఇంకో కాగితం ముందుకు జరిపింది. రెండు పేజీలు కాదు, రెండు వాక్యాలు. 'నా నోట్ తప్పు. నేను కర్రను చూడకుండా మనిషిని అనుమానించాను.'

"ఇది అదే పెద్ద మీటింగులో చదవండి సార్."

"అంత అవసరమా అమ్మా? నిన్ను మెచ్చుకుంటూ పై ఆఫీసుకి రాద్దామనుకుంటున్నా..."

"చప్పట్లు కొట్టినవాళ్లు వినాలి కదా సార్."

మరుసటి నెలాఖరున ఒకరోజు భర్త షాపు నుంచి వస్తూనే కేకలు పెట్టాడు. "విన్నావా! ఇవాళ డాబా మీద అన్నం తింటుంటే కనుమ మీంచి ఎవరో నాకు కన్ను కొట్టారు!"

"నీకా? ఎవరి ఖర్మ కాలిందిరా?" అంది అత్తయ్య.

"నిజం అమ్మా! ధగధగా మెరిసింది, ఆగింది, మళ్లీ మెరిసింది. ఊరుకుంటానా? షాపులోకి పరిగెత్తి నిలువుటద్దం ఎత్తుకొచ్చా."

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

మర్నాడు చీటీ వచ్చింది. 47. ఏడు! ఆ ఏడును ఒకసారి వేలితో తడిమి, కంప్యూటర్‌లోకి ఎక్కించింది. తర్వాత 'విశేషాలు' గడి చూసింది. ఎనిమిదేళ్ల తర్వాత అందులో మళ్లీ ఆ చేతిరాత, గడిలో పట్టక అంచుల దాకా పాకింది.

కంప్యూటర్‌లో దానికి చోటు లేదు. పట్టిక చివర ఒక కొత్త గడి చేసి, పైన 'విశేషాలు' అని పేరు పెట్టి, ఒక్క అక్షరం వదలకుండా ఎక్కించింది:

'కొత్త కర్ర బాగుంది, గీతలన్నీ కనిపిస్తున్నాయి. అమ్మాయి అద్దం పెట్టెలో క్షేమంగా ఉంది. ఒంటిగంటకు ఎండ రాగా తిప్పాను. కింది నుంచి జవాబు వచ్చింది. చాలాసేపు వచ్చింది. చెయ్యి నొప్పి పుట్టి నేనే ఆపాను.'